ఆ రాత్రి పున్నమేనా?

ఒకే మనిషికి మూడు మరణ తేదీలు, రెండు పుట్టిన సంవత్సరాలు. ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వంలో ఒక ఆదివాసీ వీరుడి జీవితాన్ని సరిచూడబోతే ఏమవుతుంది? హుస్నాబాద్‌లో ఒక ఎనిమిదో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న నన్ను 1940 నాటి చందమామ దాకా తీసుకెళ్లింది!

"మామా, ఏ తారీఖు రాయాల్నే?"

హుస్నాబాద్‌లో మా అక్క వాళ్లిల్లు. నట్టింట్లో చార్టు పరిచి, దాని మీద బోర్లా పడుకుంది మేనకోడలు. చుట్టూ స్కెచ్ పెన్నులు. చార్టు మధ్యలో తలపాగా, చేతిలో తుపాకీతో కొమురం భీం. బొమ్మ బాగానే కుదిరింది. దాని కింద రెండు గళ్లు... ఒకటి 'జననం', రెండోది 'మరణం'. రెండూ ఖాళీ. పక్కనే వాళ్లమ్మ ఫోను. అందులో ఒక పేజీ తెరిస్తే భీం నేలకొరిగింది 1940 సెప్టెంబర్ 1న. ఇంకోటి తెరిస్తే అక్టోబర్ 8న. మూడోది అక్టోబర్ 27 అంటోంది. పుట్టినరోజు అక్టోబర్ 22 అని చాలామంది రాశారు గానీ, ఏడాది దగ్గర మళ్లీ పేచీ. ఒకరిది 1900, ఇంకొకరిది 1901.

"పేపరోళ్లు గదా మీరు, మీకు తెల్వదా?" అంది.

గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఎందుకంటే, ఆ తేదీల గందరగోళంలో నా పాపం కూడా పిడికెడు ఉంది. ఆ సంగతి కాసేపాగి చెబుతా.

పిల్లలు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, మాలాంటి విలేకరులు... ఎవరికి ఏం కావాలన్నా ఇప్పుడు మొదట వెతికేది వికీపీడియానే. ఇంగ్లిష్‌లో 2001 జనవరి 15న మొదలైంది. తెలుగుది వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబర్ 10న పురుడు పోసుకుంది. రాసేవాళ్లు ముద్దుగా 'తెవికీ' అంటారు. ఇప్పుడక్కడ లక్షకు పైగా వ్యాసాలున్నాయి. రాసేది జీతం బత్తెం లేని ఔత్సాహికులే. టీచర్లు, ఇంజినీర్లు, రిటైరైన ఉద్యోగులు, డిగ్రీ చదివే కుర్రాళ్లు... ఎవరైనా సరే. మీరూ నేనూ కూడా ఇవాళ కూర్చుని ఏదో ఒక వ్యాసం దిద్దెయ్యొచ్చు.

అలా అని ఇష్టారాజ్యమేం కాదు. ప్రతి వ్యాసానికీ 'చరిత్ర' అని ఒక మీట ఉంటుంది. నొక్కితే ఎవరు, ఏ రోజు, ఏ అక్షరం మార్చారో మొత్తం బయటపడుతుంది. 'చర్చ' అని ఇంకోటి. వాదులాటలన్నీ అక్కడే. ఊళ్లో రచ్చబండలాగా వాళ్లకూ ఒక 'రచ్చబండ' పేజీ ఉంది, పేరే అది! ఎవరైనా ఆధారం లేకుండా ఏదైనా రాస్తే మరొకరు వచ్చి ఆ వాక్యం పక్కన 'ఆధారం చూపాలి' అని బిళ్ల తగిలించి పోతారు. మీ సొంత పరిశోధన అక్కడ పనికిరాదు. ఎక్కడో ఒకచోట అచ్చయి ఉండాలి. పుస్తకమో, పత్రికో, సర్కారీ గెజిటో. అదీ నియమం.

సినిమా తారకో, మంత్రికో ఈ నియమం చక్కగా సరిపోతుంది. వాళ్ల గురించి అచ్చయిన కాగితానికి కొదవేముంది? చిక్కల్లా అడవి మనిషి దగ్గరే. భీం పుట్టింది ఆసిఫాబాద్ తాలూకా సంకేపల్లిలో. ఆ గూడెంలో 1901లో జనన మరణాల పుస్తకం పట్టుకుని కూర్చున్నదెవరు? గోండు పిల్లల చదువుకు ఒక పద్ధతంటూ పడిందే 1943లో, మార్లవాయిలో బడి పెట్టాక. అంటే భీం పోయిన మూడేళ్లకు.

పేరు దగ్గరే పేచీ

సరే, తేదీలను కాసేపు పక్కన పెడదాం. పేరైనా ఒక్కటేనా? కొమురం, కొమరం, కుమ్రం... మూడూ అచ్చులో కనిపిస్తాయి. గోండుల్లో 'కుమ్ర' ఒక ఇంటిపేరు. ఆ దారిన చూస్తే 'కుమ్రం' అనేదే మూలానికి దగ్గర. మరి 'కొమురం' ఎలా అయింది? నాకొక అనుమానం. మా కరీంనగర్, సిద్దిపేట వైపు కొమురవెల్లి మల్లన్న దయతో ఇంటికో కొమురయ్య, వాడకో కొమురవ్వ. అలాంటి చెవులకు 'కుమ్రం' వినపడితే, చెయ్యి తనంతట తానే 'కొమురం' అని రాసేసి ఉంటుంది. ఇది నా ఊహే, ఎవరూ మూలంగా పెట్టుకోకండి! వికీలో దీనికొక సుళువు ఉంది. ఏదో ఒక పేరుతో వ్యాసం ఉంచి, మిగతా పేర్లను 'దారిమార్పు' చేస్తారు. ఎలా వెతికినా అక్కడికే చేరతారు. కానీ ఏ పేరు పైన ఉండాలి, ఏ పేరు దారిమార్పు కావాలి? గూడెం పిలిచే పేరా, ఊరు పిలిచే పేరా? తగాదా అక్కడే.

ఇంకో ముచ్చట. గుస్సాడీ నృత్యానికి దేశమంతా పేరు తెచ్చిన మార్లవాయి కళాకారుడికి 2021లో పద్మశ్రీ వచ్చింది. పత్రికలన్నీ సంబరంగా 'కనకరాజు' అని రాశాం. చదివినవాళ్లకు ఏమనిపిస్తుంది? కనకం, రాజు... బంగారు రాజు! నిజానికి 'కనక' ఆయన ఇంటిపేరు, గోండుల్లో ఉన్నదే. పేరు రాజు. కనక రాజు. మధ్యలో ఒక్క జాగా వదిలి ఉంటే తెగ, వంశం, అన్నీ తెలిసేవి. ఆ జాగా మింగేసి ఒక గోండు పెద్దను మన పక్కింటాయనను చేసేశాం. 2024 అక్టోబర్ 25న ఆయన కన్నుమూసినప్పుడూ ఎన్నో చోట్ల అదే తప్పు. విజ్ఞాన సర్వస్వంలో జీవిత చరిత్రను సరిచూడటమంటే ఇలాంటి పని. చూస్తే అక్షరం ముక్క, పోతే మనిషి ఆనవాలు.

ఊరు సంగతి కూడా వినండి. తండ్రి పోయాక భీం కుటుంబం సంకేపల్లి వదిలి వలస పోయిందని అందరూ రాస్తారు. ఎక్కడికి? కొన్ని రాతల్లో 'కరీంనగర్ దగ్గరి సర్దాపూర్' అని ఉంటుంది. మా జిల్లావాళ్లకు అది చదివితే ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. సిరిసిల్ల పక్కన సర్దాపూర్ ఉన్న మాట నిజమే మరి! కానీ ఆసిఫాబాద్ వైపు కెరమెరి కొండల్లో సుర్దాపూర్ అని ఇంకో ఊరుంది. ఆ తర్వాతి కథ చూడండి. పంట మీదికొచ్చిన సిద్దిఖీ అనేవాడిని భీం కొట్టి చంపడం, అక్కణ్నుంచి చాందాకు పారిపోవడం, ఆపైన అస్సాం తేయాకు తోటలు. అడవి నమ్ముకున్న గోండు కుటుంబం పొలం వెతుక్కుంటూ పోతే పక్క కొండకు పోతుందా, సిరిసిల్లకు వస్తుందా? చాందాకు ఏది దగ్గర? పటం ముందు పెట్టుకుంటే ఎవరికైనా కెరమెరి మీదే మొగ్గు. మా కరీంనగర్ అభిమానం ఎంతున్నా సరే.

ఊళ్ల సంగతి ఇంతేలెండి. హుస్నాబాద్ 2016 అక్టోబర్ 11న కరీంనగర్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాకు మారింది. మా అక్క కాగితాల్లో సగం ఇప్పటికీ కరీంనగర్ అనే చెబుతాయి. బతికున్న మనిషి చిరునామానే కాగితం సరిగ్గా పట్టలేదంటే, వందేళ్ల కిందటి గోండు చిరునామా సంగతి చెప్పేదేముంది!

దొంగ దొరికాడు

ఇప్పుడు నా పాపం. కొన్నేళ్ల కిందట భీం వర్ధంతికి ఒక చిన్న వ్యాసం రాశాను. గడువు దగ్గర పడింది. మరణ తేదీ కోసం ఇంటర్నెట్‌లో వెతికాను. మొదట దొరికింది వేసేశాను. పేజీ అచ్చయింది, నేను మరిచిపోయాను. ఆ రోజు హుస్నాబాద్‌లో, మేనకోడలి ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఒక వెబ్ వ్యాసం అడుగున మూలాలు చూస్తున్నాను కదా... మరణ తేదీకి ఆధారంగా అక్కడ కనపడింది నా వ్యాసమే! నేను నెట్‌లోంచి ఎత్తి రాశాను. నెట్ నా దగ్గర్నుంచి ఎత్తి రాసింది. ఇద్దరం ఒకరికొకరం సాక్షులం. మధ్యలో జోడేఘాట్‌కు వెళ్లి అడిగినవాళ్లెవరూ లేరు.

దొంగ దొరికాడు. వాడు నేనే.

సిగ్గుతో చార్టు దగ్గరికొచ్చి కూర్చుని మొదటి నుంచి మొదలుపెట్టాం. జోడేఘాట్‌లో భీం వర్ధంతి ఎప్పుడు చేస్తారు? ఇంగ్లిష్ తేదీకి కాదు. దసరా వెళ్లాక వచ్చే పౌర్ణమికి, అంటే ఆశ్వయుజ పౌర్ణమికి. గోండులు ఆ రోజే చేస్తారు. సర్కారు కూడా ఆ రోజే చేస్తుంది. అందుకే తేదీ ఏటా జరుగుతూ ఉంటుంది. 2022లో అక్టోబర్ 9, 2023లో అక్టోబర్ 28.

మన ఇళ్లలో మాత్రం? తాతల తద్దినం పెట్టేది తిథిని బట్టే కదా! తాత పోయిన ఇంగ్లిష్ తేదీ ఎందరికి గుర్తుంటుంది? 'మాఘ బహుళ పాడ్యమి' అంటే మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుసు.

మరైతే 1940లో ఆశ్వయుజ పౌర్ణమి ఎప్పుడొచ్చింది? ఇది కనుక్కోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. 1940 అక్టోబర్ 1న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. మనకు కాదు, దక్షిణ అమెరికాకు, ఆఫ్రికా దక్షిణ కొసకు కనిపించింది. సూర్యగ్రహణం అంటే ఆ రోజు అమావాస్య. అక్కణ్నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోతే పౌర్ణమి అక్టోబర్ 16. దసరా అయిన నాలుగైదు రోజులకు.

ఇప్పుడు ఆ మూడు తేదీలనూ చందమామ ముందు నిలబెట్టండి. సెప్టెంబర్ 1... మర్నాడే అమావాస్య. అక్టోబర్ 8... ఆకాశంలో సగం చంద్రుడు, దసరా ఇంకా రానేలేదు. అక్టోబర్ 27... ఇంకో మూడు రోజుల్లో దీపావళి. మూడింట్లో ఏ ఒక్కటీ పున్నమి కాదు!

మేనకోడలు కళ్లింత చేసుకుని చూసింది. నాకూ ఒళ్లు జలదరించిన మాట నిజం.

మరి 8, 27 ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? ఫోనులో పంచాంగం తిప్పుతుంటే ఒక తమాషా కనపడింది. 2014లో ఆశ్వయుజ పౌర్ణమి వచ్చింది అక్టోబర్ 8నే. ఆ రోజున చంద్రగ్రహణం కూడా. తెలంగాణ వచ్చాక జరిగిన మొదటి వర్ధంతి అది. ముఖ్యమంత్రి కేసీఆర్ జోడేఘాట్ వెళ్లింది, స్మారకం కడతామని ప్రకటించింది ఆ రోజే. మరుసటి ఏడాది, 2015లో పౌర్ణమి అక్టోబర్ 27న. పంతొమ్మిదేళ్లకోసారి తిథులూ తేదీలూ మళ్లీ కలుస్తాయి కాబట్టి 1995లోనూ, 1976లోనూ ఆ పౌర్ణమి అక్టోబర్ 8నే పడింది. ఏదో ఒక ఏడు వర్ధంతి జరిగిన ఇంగ్లిష్ తేదీని తీసుకుని, వెనక 1940 తగిలించేశారా? అలా జరిగిందని నేను రుజువు చెయ్యలేను. కానీ నేను చేసిన పని తలుచుకుంటే, జరగదని మాత్రం అనలేను.

ఎదురు ప్రశ్న కూడా వేసుకోవాలి. గూడెం జ్ఞాపకం మటుకు తప్పకూడదా? తప్పొచ్చు. కొన్నేళ్లు గడిచాక, అందరూ కూడటానికి వీలుగా దసరా తర్వాతి పున్నమిని ఎంచుకుని ఉండొచ్చు. అందుకే 'అక్టోబర్ 16' అని నాలుగో తేదీ తెచ్చి అంటించడం కూడా తప్పే. రాయగలిగింది ఇంతవరకే: ఫలానా రచనల్లో ఫలానా తేదీలున్నాయి, గోండులు ఆశ్వయుజ పౌర్ణమికి స్మరించుకుంటారు. చప్పగా ఉందా? ఉంటుంది మరి.

కాగితం ఎవరి చేతిలో ఉంది?

పోడు చేసుకుంటే పన్ను, పశువులు మేపితే పన్ను, అడవిలో అడుగుపెడితే కేసు. పన్నెండు గూడేలకు భూమి మీద హక్కు కావాలని భీం నిలబడ్డాడు. జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల తూటాలకు కూలిపోయాడు. ఆ తర్వాత, అసలు గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అనిపించింది. అప్పుడు వచ్చినవాడే హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. యుద్ధకాలం, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్లు స్వేచ్ఛగా తిరగనివ్వలేదు, నిజాం రాజ్యంలో ఉండిపోయాడు. మన అదృష్టం! 1945లో 'ట్రైబల్ హైదరాబాద్', 1948లో 'ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' రాశాడు. ఆ కాలం గురించి మనకు దొరికే గట్టి ఆధారాల్లో అవి ముందుంటాయి. అంటే గోండుల పోరాటానికి కాగితపు సాక్ష్యం కావాలంటే నిజాం పిలిపించిన మనిషి రాసిన పుస్తకాలు తెరవాలి. ఆయన గోండుల పక్షాన నిలబడ్డాడు కాబట్టి సరిపోయింది. ఆయన భార్య బెట్టీ సమాధి ఇప్పటికీ మార్లవాయిలోనే ఉంది.

తెలుగులో భీం కథను ఇంటింటికీ తెచ్చింది మాత్రం మా కరీంనగర్ జిల్లా రచయిత అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం'. 1983లో వచ్చింది. ఎంతో గొప్ప పని. కానీ అది నవల. నవలలో భీం ఏ రాత్రి ఎవరితో ఏమన్నాడో ఉంటుంది. ఉండాలి కూడా. ఆ సంభాషణ విజ్ఞాన సర్వస్వంలోకి జారి, పక్కన మూలం అంకె కూడా పడితే? చదివేవాడికి తేడా ఎలా తెలియాలి? ఇక 2022లో 'ఆర్ఆర్ఆర్' వచ్చింది. భీం, అల్లూరి స్నేహితులైపోయారు. రాజమౌళి ముందే చెప్పారు, ఇది పూర్తిగా కల్పితమని. అల్లూరి 1924లోనే అమరుడయ్యాడు. భీం జోడేఘాట్ పోరాటం అయ్యాక పదహారేళ్లకు ముగిసింది. అయినా ఆ సినిమా చూసి పెరుగుతున్న పిల్లలకు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించాల్సిందే. అల్లూరి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఆయన వెంట నడిచిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. మన్యం తిరుగుబాటుదారు మొట్టమొదటి పార్లమెంటులో! ఎందరికి తెలుసు? అబద్ధాలు ఏరడం ఎంత ముఖ్యమో, ఇలాంటి నిజాలకు చోటివ్వడం అంత ముఖ్యం.

భీం ఆచూకీ పోలీసులకు చెప్పింది ఫలానా అతనని ఒక పేరు చాలా రాతల్లో కనిపిస్తుంది. నేనిక్కడ రాయను. అతని మనవలూ మునిమనవలూ ఉంటారు, ఏదో బడిలో చదువుకుంటుంటారు. చార్టు రాస్తుంటారు. ఒక మనిషిని ద్రోహి అనాలంటే నవల చాలదు, సినిమా చాలదు.

ఆదివాసీ ప్రముఖుల జీవితాలను సరిచూసే తలనొప్పి ప్రపంచమంతా ఉంది. ఒక్కోచోట ఒక్కో రకం. కెనడాలో బఫీ సెయింట్ మేరీ అనే గాయని దశాబ్దాలపాటు ఆదివాసీ బిడ్డగా గౌరవం అందుకుంది. 2023లో అక్కడి సీబీసీ పుట్టుక కాగితాలు బయటపెట్టి, అసలు ఈమె ఆదివాసీయేనా అని అడిగింది. దేశ అత్యున్నత పురస్కారాల్లో ఒకటి 2025లో వెనక్కి పోయింది. అక్కడ కాగితం ఉండబట్టి కథ మారింది. ఇక్కడ కాగితం లేకపోబట్టి కథ తేలడం లేదు.

కాగితం లేనిచోట మనిషి నోటి మాటే మూలం కాకూడదా? ఈ ప్రశ్న వికీపీడియా వాళ్లూ వేసుకున్నారు. 2011లో అచల్ ప్రభల అనే బెంగళూరు పరిశోధకుడు, కొందరు మిత్రులతో కలిసి పల్లె జనం చెప్పిన మాటలను రికార్డు చేసి, ఆ రికార్డునే మూలంగా పెట్టే ప్రయోగం చేశాడు. మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని ఉత్తర సోతో భాషల్లో. మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నారు, ఎవరు పడితే వాళ్లు ఏది పడితే అది చెబితే ఎలా అని తల ఊపినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ పస ఉంది.

గోండులకైతే ఆ పని కోసమే పుట్టిన మనుషులున్నారు. ప్రధానులు. కిక్రి వాయిస్తూ గోండు వంశాల కథలన్నీ తరతరాలుగా ఒప్పజెప్పేవాళ్లు. వాళ్లు చెప్పేది నోటి మాట, మేం గడువు హడావుడిలో రాసేది మాత్రం ప్రామాణిక మూలం! గోండులకు రాత లేదనీ అనలేం. నార్నూరు మండలం గుంజాలలో పాత గోండి రాతప్రతులు దొరికాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివాళ్లు వాటిని లోకానికి చూపించారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ లిపిలో కంప్యూటర్ మీద రాయొచ్చు. రేపు గోండులే గోండిలో భీం జీవితం రాసుకుంటే అప్పుడు దిద్దుకోవాల్సింది మనం.

ఆ సాయంత్రం నేను చేసిన మొదటి పని, ఆ వెబ్ వ్యాసం చర్చ పేజీలో నా తప్పు ఒప్పుకుంటూ ఒక ముక్క రాయడం. 'ఈ పత్రికా వ్యాసం నమ్మదగిన మూలం కాదు. దీన్ని రాసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను' అని. పున్నమి లెక్క కూడా అక్కడే పెట్టాను. అసలు వ్యాసంలో పెట్టకూడదు, సొంత పరిశోధన అవుతుంది. ఎక్కడైనా అచ్చయితే పెట్టొచ్చు. ఇదిగో, ఈ ఆదివారం అచ్చయింది! రేపెవరో ఒకరు దీన్నే మూలంగా పెట్టేస్తారని నాకు భయంగానే ఉంది. అయ్యా, అమ్మా... పెట్టేముందు ఆ ఏటి పంచాంగం ఒకసారి తీసి చూడండి.

చార్టు సంగతంటారా? 'మరణం' గడిలో మేనకోడలు ముచ్చటగా రాసింది. '1940, ఆశ్వయుజ పౌర్ణమి అని గోండులు అంటరు.' 'అంటారు' అని దిద్దబోయాను. "ఉండనీ మామా" అంది. బొమ్మ వెనక పసుపు రంగుతో గుండ్రంగా ఒక చందమామను కూడా వేసింది.

'జననం' గడిలో మాత్రం స్కెచ్ పెన్ను వాడలేదు. 1901 అని పెన్సిల్‌తో రాసి, రబ్బరు పక్కనే పెట్టుకుంది.